తుంగభద్ర డ్యాం భద్రత

తుంగభద్ర డ్యాం కర్ణాటకలోని విజయనగర జిల్లా హోస్పేట పక్కన ఉంది. రాయలసీమ రైతు నోట అది టీబీ డ్యాం. కట్టడమంతా కర్ణాటక నేల మీదే ఉన్నా అందులో నీళ్లకు హక్కుదారులు మూడు రాష్ట్రాలు: కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. 1953 నుంచి నీళ్లు నిలుపుతున్న ఈ డ్యాంలో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు క్రస్ట్ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. అంతవరకు నీటి పంపకాల తగాదాలతోనే పత్రికలకెక్కిన డ్యాం ఆ రాత్రి నుంచి భద్రత విషయంలోనూ చర్చకొచ్చింది.

కర్నూలు, కడప జిల్లాలకు ఈ డ్యాంతో ఉన్న ముప్పు రెండు రకాలు. నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడితే కౌతాళం నుంచి కర్నూలు దాకా ఏటి ఒడ్డు ఊళ్లకు ప్రమాదం. నీళ్లు వృథాగా కిందికి పోతే ఆదోని, ఎమ్మిగనూరు, పులివెందుల వైపు కాలువల కింద చేలకు ప్రమాదం. డ్యాం భద్రత అనగానే అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు. వానలే సరిగా పడని సీమలో ఎక్కువమందికి తగిలేది మాత్రం రెండోదే. 2024లో జరిగింది కూడా అదే. వరదకు ఎవరి ప్రాణమూ పోలేదు గానీ వారం రోజులపాటు మూడు రాష్ట్రాల రైతులు తమ ఖరీఫ్ ఏటి పాలవుతుంటే చూస్తూ కూర్చున్నారు.

ఎవరు కట్టారు, ఎవరికి మిగిలింది

తుంగభద్ర మీద పెద్ద నిల్వ ఉండాలన్న ఆలోచన ఆర్థర్ కాటన్ కాలం నుంచీ ఉంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ, అదే కేసీ కాలువ, సుంకేసుల ఆనకట్ట మీద ఆధారపడింది. ఏట్లో నీళ్లుంటేనే కాలువలో నీళ్లు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోగా 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. 1876-78 నాటి ధాత కరువు సీమను ఊడ్చిపెట్టాక కూడా పైన నిల్వ కట్టే పని దశాబ్దాలపాటు కాగితాల మీదే నలిగింది. మద్రాసు, హైదరాబాద్, మైసూరు మధ్య నీళ్ల లెక్క తేలకపోవడం అందుకు ఒక కారణం. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు ముందు వాటా ఉండాలని రాసుకున్నారంటే ఈ ఏటి మీద సీమ ఎంత ఆశ పెట్టుకుందో తెలుస్తుంది.

1944లో మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న ఏటికి రెండు ఒడ్లనా వేర్వేరుగా శంకుస్థాపనలు జరిగాయి: ఒకవైపు మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్, మరోవైపు హైదరాబాద్ యువరాజు ఆజంజా. ఎడమ సగం నిజాం ప్రభుత్వానిది, కుడి సగం మద్రాసుది. మద్రాసు పక్షాన తిరుమల అయ్యంగారు ముఖ్య ఇంజనీరు. కట్టడం పుట్టుకలోనే ఉమ్మడి.

కట్టిన రెండు రాష్ట్రాల చేతిలోనూ ఆ డ్యాం మిగల్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. హోస్పేట సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైనప్పుడు ఎడమ ఒడ్డు కూడా మైసూరులో కలిసింది. మద్రాసు జిల్లాలుగా ఉన్నప్పుడు కట్టించుకున్న డ్యాం సీమకు పొరుగు రాష్ట్రపు ఆస్తి అయిపోయింది. ఈ చిక్కును ముందే ఊహించి 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టంలోనే తుంగభద్ర బోర్డుకు వీలు కల్పించారు. డ్యాంను, కుడివైపు కాలువలను, జలవిద్యుత్ కేంద్రాలను చూసుకోవలసింది ఈ బోర్డు. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది, రాష్ట్రాలు సభ్యులను పంపుతాయి, ఖర్చును పంచుకుంటాయి. 2014 తర్వాత తెలంగాణ కూడా సభ్యురాలైంది.

వాటాలు

కృష్ణా జలాల పంపకం తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఈ జలాశయం కింద వాడుకకు 230 టీఎంసీలు కేటాయించింది. అందులో 18 టీఎంసీలు ఆవిరి కింద తీసేస్తే మిగిలే 212లో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.5, రాజోలిబండ మళ్లింపు పథకం ద్వారా ఇప్పటి తెలంగాణకు 6.51 టీఎంసీలు. ఆంధ్రప్రదేశ్ వాటా మళ్లీ మూడు ముక్కలు: ఎగువ కాలువకు (హెచ్చెల్సీ) 32.5, దిగువ కాలువకు (ఎల్లెల్సీ) 24, కేసీ కాలువకు 10.

ఎల్లెల్సీ కర్నూలు జిల్లా పడమటి మండలాలకు ప్రాణం. దాని కింద ఆంధ్ర ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. హెచ్చెల్సీ అనంతపురం మీదుగా పోయి పులివెందుల బ్రాంచి ద్వారా కడప జిల్లాకు అందుతుంది. దాని ఆయకట్టు 2.85 లక్షల ఎకరాల దాకా ఉంది. ఆ కాలువ మొదటి 105 కిలోమీటర్లు కర్ణాటకలోనే నడుస్తుంది. తూములు, అక్రమ మోటార్లు, గట్ల తెగుళ్లు అన్నీ దాటి సరిహద్దు దగ్గరికి ఎంత చేరిందన్నదే ఏటా జరిగే రచ్చ. రైతు దృష్టిలో వాటా అంటే కాగితం మీది అంకె కాదు, టెయిలెండు తూములో కనిపించే నీళ్లు.

ఆ అంకెకు మరో గండి ఉంది. కట్టినప్పుడు జలాశయం పట్టేది 133 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడు పూర్తిమట్టం 1,633 అడుగుల దగ్గర 105.79 టీఎంసీలే పడుతున్నాయి. అంటే హెచ్చెల్సీ వాటాకు కాస్త తక్కువగా, 27 టీఎంసీల చోటును మట్టి ఆక్రమించింది. పూడిక పంపకాల సమస్యే కాదు, భద్రతకూ సంబంధించిందే. నిల్వ తగ్గేకొద్దీ డ్యాం త్వరగా నిండుతుంది, వరద ఆపుకొనే జాగా ఉండదు, గేట్లు ఎక్కువసార్లు ఎత్తి దించాల్సి వస్తుంది. ముసలి గేట్లకు పని పెరుగుతుందన్న మాట.

గోడ, గేట్లు

డ్యాం పొడవు దాదాపు రెండున్నర కిలోమీటర్లు, ఎత్తు 49.5 మీటర్లు. రాతి కట్టడం. సిమెంటు దొరకని ఆ రోజుల్లో సున్నం, కాల్చిన ఇటుకల పొడి కలిపిన సుర్ఖీ గచ్చుతో రాళ్లు పేర్చారు. 1895లో పూర్తయిన ముల్లపెరియార్ కూడా ఈ రకం కట్టడమే, రెండింటినీ జోడించి చెప్పడం వాడుక. సుర్ఖీ అనగానే పాత ఇంటి పెళ్లలు గుర్తొచ్చి జనం భయపడతారు. కానీ 2024లో ఆ గోడకేమీ కాలేదు. దెబ్బతిన్నది ఇనుము. పెద్ద డ్యాముల ముసలితనం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మరిచిపోతుంటారు. రాతికి, గచ్చుకు ఆయుష్షు వందల ఏళ్లలో ఉండొచ్చు, గేటుకు అలా ఉండదు. క్రస్ట్ గేట్ల ఆయుష్షును సాధారణంగా 45 ఏళ్లుగా లెక్కిస్తారు. తుంగభద్ర గేట్లు డెబ్బై ఏళ్లు పనిచేశాయి.

గేట్లు 33. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. రెండు స్తంభాల మధ్య గాళ్లలో నిలువుగా పైకీ కిందికీ జరుగుతాయి. బావి గిలకకు రెండోవైపు బరువు కట్టినట్టు, గేటు బరువును మరో బరువు తూస్తుంది. మధ్యలో ఆధారం గొలుసు.

గేటు నిండా నీళ్లు నిలిస్తే దానిమీద పడే తోపుడు ఎంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. నీటి ఒత్తిడి పైన సున్నా, అడుగున ఇరవై అడుగుల లోతుది. సగటు పదడుగులు. దాన్ని 1,200 చదరపుటడుగుల గేటుతో హెచ్చిస్తే సుమారు 340 టన్నులు వస్తుంది. ఇంత తోపుడును మోసేది గొలుసు కాదు, గాళ్లు, వాటి వెనుక స్తంభాలు. గేటు చక్రాలు సరిగా తిరిగినంత కాలం గొలుసు మీద బరువు కొంతే. చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుంటే, గాళ్లలో గసి చేరితే, 340 టన్నుల తోపుడు కాస్తా రాపిడిగా మారి గొలుసును లాగుతుంది. లింకు ఎక్కడో లోపల అరిగి ఉంటే అక్కడ తెగుతుంది. బయటికి రంగు వేసిన గొలుసులో ఆ అరుగుదల కంటికి కనబడదు. అల్ట్రాసోనిక్ వంటి పరీక్షలు చేస్తేనే తెలుస్తుంది.

2024 ఆగస్టు

ఆ ఏడు ఎగువన మల్నాడులో వానలు బాగా పడ్డాయి. ఆగస్టు మొదటి వారానికే డ్యాం నిండింది, సీమ కాలువలకు నీళ్లు వదిలారు, వరి నారు పోసుకున్నారు. ఆగస్టు 10 శనివారం పొద్దుపోయాక 19వ గేటు గొలుసు తెగింది. ఆ ఒక్క ఖాళీలోంచే 35,000 క్యూసెక్కులు దూకాయి. డ్యాం మీద ఒత్తిడి ఒక్కచోటే పడకుండా మిగతా గేట్లూ ఎత్తారు. మొత్తం విడుదల లక్ష క్యూసెక్కుల దాకా వెళ్లింది.

11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. విరిగిన గేటు ఒక్కటే రోజుకు మూడు టీఎంసీలు తాగుతోంది. లక్ష క్యూసెక్కులంటే రోజుకు ఎనిమిదిన్నర పైనే. గేటు మార్చాలంటే నీటిమట్టం గేటు అడుగు దాకా, అంటే 1,613 అడుగులకు దిగాలి. అంత దిగాలంటే 60 టీఎంసీలకు పైగా ఏటికి వదిలేయాలి. సగానికి పైగా డ్యాం ఖాళీ! ఆ మాట బయటికి రాగానే కర్ణాటకలో రాయచూరు, కొప్పళ నుంచి ఇటు ఎమ్మిగనూరు దాకా రైతులు గుండెలు బాదుకున్నారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్దరామయ్య, ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్, ఆంధ్రప్రదేశ్ మంత్రులు నిమ్మల రామానాయుడు, పయ్యావుల కేశవ్ డ్యాం దగ్గరికి వచ్చి చూశారు.

ఇలాంటి ఆపదలో వాడేది స్టాప్‌లాగ్. గేటు లేని చోట గాళ్లలోంచి ఒకదానిమీద ఒకటి దించే ఇనుప పలకలు. చాలా డ్యాముల్లో వీటిని ముందే చేయించి పక్కన పెట్టుకుంటారు. ఇక్కడ సిద్ధంగా లేవు. గేట్ల పనిలో పండిపోయిన విశ్రాంత ఇంజనీరు ఎన్. కన్నయ్యనాయుడు పిలుపు అందుకుని వచ్చి, డ్యాం ఖాళీ చేయకుండా పారే నీళ్లలోనే పలకలు దించొచ్చని చెప్పారు. 60 అడుగుల వెడల్పు, నాలుగేసి అడుగుల ఎత్తున అయిదు పలకలను చుట్టుపక్కల కర్మాగారాల్లో రాత్రింబవళ్లు చేయించారు. ఆగస్టు 16న మొదటి పలక దిగింది. ఉద్ధృతంగా దూకే నీళ్లలో అరవై అడుగుల ఇనుప పలకను క్రేన్లతో పట్టి, రెండు చివరలూ ఒకేసారి గాళ్లలో కూర్చోబెట్టడం అది. ఒక కొస ముందు దిగితే పలక ఇరుక్కుంటుంది, మళ్లీ పైకి రాదు. మర్నాటికి అయిదూ దిగాయి. నిల్వ 70 టీఎంసీల దగ్గర నిలబడింది.

పోయినవి 30 టీఎంసీలకు పైనే. హెచ్చెల్సీకి ఏడాదంతా రావలసిన వాటాతో సమానం. అదృష్టం ఏమంటే అదే సీజన్‌లో మళ్లీ వానలు పడి డ్యాం నిండింది. 2023 వంటి కరువు సంవత్సరంలో ఇదే గొలుసు తెగి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇక్కడొక చేదు ముచ్చట చెప్పుకోవాలి. దేశంలో ఎన్నో డ్యాములకు గేట్లు చేసిపెట్టిన ప్రభుత్వ సంస్థ తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ ఉన్నది ఈ హోస్పేటలోనే. నష్టాల పేరుతో దాన్ని మూసేయడానికి కేంద్రం 2015లో ఆమోదం తెలిపింది. తొమ్మిదేళ్ల తర్వాత అదే ఊళ్లో గేటు పోయినప్పుడు పలకలు ఎవరు చేస్తారా అని వెతుక్కోవలసి వచ్చింది.

దిగువన

విడుదల పెరగగానే కర్నూలు జిల్లాలో కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాలకు హెచ్చరికలు వెళ్లాయి. ఏటి ఒడ్డున ఇలాంటి కబురుకు అర్థం ఒక్కటే: మోటార్లు, పైపులు గట్టుకు చేర్చుకోండి, గొర్రెలను ఏటి నడుమ లంకల్లోకి తోలకండి. నిజానికి లక్ష క్యూసెక్కులు తుంగభద్రకు కొత్త కాదు. డ్యాం స్పిల్‌వే ఆరున్నర లక్షల క్యూసెక్కులు వదలగలదు. నది లక్షకు మించినవే చూసింది. అందుకే 2024లో మంత్రాలయం ఘాట్ల దగ్గర జనం నీళ్లు చూడ్డానికి వచ్చారే తప్ప ఊళ్లు ఖాళీ చేయలేదు.

అయినా కర్నూలుకు నీళ్ల భయం ఊరికే రాలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచాయి. మంత్రాలయం మఠంలోకి నీళ్లొచ్చాయి, ఆలంపురం మునిగింది, సుంకేసుల బ్యారేజీ గట్టు కొట్టుకుపోయింది. ఆ వరద డ్యాం తెగి వచ్చింది కాదు. టీబీ డ్యాంకు దిగువన, వేదవతి, హంద్రీ పరీవాహకాల్లో కుండపోత పడింది. నిండి ఉన్న శ్రీశైలం వెనకనీరు దాన్ని కిందికి పోనివ్వలేదు. కర్నూలు భద్రతకు ఒక్క డ్యాం లెక్క చాలదని తేలింది అక్కడే. పైన హోస్పేట, కింద శ్రీశైలం. వాటి నిర్వహణ వేర్వేరు చేతుల్లో ఉంది, నడుమ ఊరుంది.

అదే వరదలో శ్రీశైలం కూడా గండం గట్టెక్కింది. 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడగా, 885 అడుగుల పూర్తిమట్టం ఉన్న జలాశయంలో నీరు 896.5 అడుగులకు చేరింది. డ్యాం నిలబడింది. దిగువన నీళ్లు పడేచోట, ప్లంజ్‌పూల్‌లో, ఏళ్ల తరబడి పడిన కోత మాత్రం అలాగే పెద్ద సమస్యగా మిగిలింది. ఇప్పుడు శ్రీశైలం కుడి గట్టు నంద్యాల జిల్లాలో, ఎడమ గట్టు తెలంగాణలో ఉంది. రెండు వైపులా రెండు ప్రభుత్వాల విద్యుత్ కేంద్రాలు. ఉమ్మడి డ్యాం కష్టాలు తుంగభద్రతో ఆగలేదు.

ఇలాంటివే మరికొన్ని

తుంగభద్ర గేటు ఊహించరానిదేమీ కాదు. దాదాపు రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబరులో, కేరళ నేల మీద ఉండి తమిళనాడు నడిపే పరంబికుళం డ్యాంలో ఇదే తీరున గేటు తూకపు బరువుకున్న గొలుసు తెగి గేటు పోయింది. అదీ పాత కట్టడమే, అదీ రెండు రాష్ట్రాల నడుమదే. ఆ కబురు విన్నాకైనా తుంగభద్ర గొలుసులన్నీ విప్పి చూసి ఉండాల్సింది.

వయసు ఒక్కటే కారణం అనుకుంటే ఆంధ్రప్రదేశ్ అనుభవం ఒప్పుకోదు. పులిచింతల 2013లో నీళ్లు నిలిపింది. 2021 ఆగస్టు 5న దాని 16వ గేటు కొట్టుకుపోయింది. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, 2023లో మరో గేటు పోయాయి. అన్నిటికంటే ఘోరం కడప జిల్లాదే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద, అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో, అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పైనున్న పింఛా ప్రాజెక్టు ముందే తెగింది. రెండు లక్షల చిల్లర క్యూసెక్కులకు కట్టిన స్పిల్‌వే మీదికి మూడు లక్షలు దాటి నీళ్లొచ్చాయి. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. మందపల్లి, పులపత్తూరు, తొగూరుపేట ఊళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. ముప్పైమందికి పైగా చనిపోయారు. మందపల్లి శివాలయంలో కార్తీక పూజలకు వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. ఆ డ్యాంలో పట్టేవి 2.24 టీఎంసీలే, తుంగభద్రలో దాదాపు నలభై ఏడో వంతు. ప్రాణనష్టానికి నిల్వ ఎంతన్నది కొలమానం కాదు. కబురు ఎంత ముందు అందింది, కట్ట కింద ఊరు ఎంత దూరం అన్నవే తేలుస్తాయి.

మన దగ్గరే ఇలా అనుకోనక్కర్లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫోల్సం డ్యాంలో 1995 జులై 17న ఒక గేటు విరిగి జలాశయంలో దాదాపు నలభై శాతం నీళ్లు పోయాయి. కారణం వెతికితే గేటు తిరిగే ఇరుసు దగ్గర తుప్పు, గ్రీజు చాలకపోవడం, ఏళ్ల తరబడి పెరిగిన రాపిడి. లిబియాలోని దెర్నా ఊరిలో 2023 సెప్టెంబరులో మరమ్మతు చూడని రెండు డ్యాములు ఒకే రాత్రి తెగి వేలమంది చనిపోయారు. గుజరాత్‌లో 1979 ఆగస్టు 11న మచ్ఛు డ్యాం తెగి మోర్వీ ఊరు ఊడ్చుకుపోయిన సంగతి మనకు గుర్తుండాల్సింది, పెద్దగా గుర్తు లేదు.

బాధ్యత ఎవరిది

ఉమ్మడి డ్యాం భద్రతలో ఇంజనీరింగు కంటే గట్టి ముడి ఇదే. పదిమందిలో పాము చావదన్నట్టు, బోర్డేమో రాష్ట్రాలు డబ్బివ్వాలంటుంది, రాష్ట్రాలేమో బోర్డు చూసుకోవాలంటాయి, నేల కర్ణాటకది కాబట్టి చుట్టుపక్కల భద్రత దానిది, నీళ్లలో వాటా ఉంది కాబట్టి పొరుగు రాష్ట్రానికి ఆత్రం. గేటు పోయిన మర్నాడే బెంగళూరులో, అమరావతిలో నిర్లక్ష్యం ఎవరిదన్న మాటల యుద్ధం మొదలైంది. డెబ్బై ఏళ్లలో అన్ని పార్టీలూ అన్ని కుర్చీల్లోనూ కూర్చున్నాయి. గొలుసు తెగింది ఎవరి పాలనలో అన్న లెక్కతో పెద్దగా తేలేదేమీ లేదు.

చట్టం లేక కాదు. డ్యాం భద్రతకు కేంద్ర చట్టం కావాలని పార్లమెంటును కోరిన మొదటి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పశ్చిమ బెంగాల్‌తో పాటు శాసనసభ తీర్మానం చేసి పంపగా 2010లో బిల్లు వచ్చింది. అది మురిగిపోయి, మళ్లీ మళ్లీ తిరగరాసి, చివరికి 2021 డిసెంబరులో డ్యాం భద్రతా చట్టం పాసైంది. అంటే అన్నమయ్య కట్ట తెగిన కొద్ది వారాలకు. పదిహేను మీటర్లు మించిన ప్రతి డ్యాం దీని కిందికి వస్తుంది. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ తప్పనిసరి. ఒక రాష్ట్రపు డ్యాం మరో రాష్ట్రంలో ఉంటే, లేదా రెండు రాష్ట్రాల మీద పరుచుకుని ఉంటే, భద్రత చూసే సంస్థగా జాతీయ డ్యాం భద్రతా ప్రాధికార సంస్థే వ్యవహరిస్తుంది. దేశంలో అయిదు వేలకు పైగా పెద్ద డ్యాములు, వందేళ్లు దాటినవే రెండు వందలకు పైన. అంత పని మీద పడిన ఆ సంస్థకు చేతినిండా మనుషులు కావాలి.

గేట్ల మార్పిడి

గేటు పోయాక కేంద్ర జలసంఘం మాజీ అధ్యక్షుడు ఎ.కె. బజాజ్ నాయకత్వంలో నిపుణులు డ్యాం చూశారు. 33 గేట్లూ మార్చాలన్నారు. ఒక్క 19వ దాన్ని మార్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు, మిగిలినవీ అదే ఏడు చేసినవి, అదే నీళ్లలో నానినవి. ఆ మాట ఎంత నిజమో ఏడాది తిరక్కుండానే తెలిసింది. 2025 ఆగస్టులో మరో ఏడు గేట్లు సరిగా కదలడం లేదని బయటపడింది. ఆ సీజన్‌లో నిల్వను 80 టీఎంసీలకే పరిమితం చేశారు. వానలు బాగా పడ్డ ఏడాదిలో, డ్యాం నిండగలిగీ, పాతిక టీఎంసీల జాగా ఖాళీగా ఉంచుకోవలసి వచ్చింది.

గేట్లు మార్చాలంటే నీటిమట్టం గేటు అడుగుకు దిగాలి, పని వేసవిలోపు ముగియాలి, మళ్లీ జూన్ వరద రాకముందే అన్నీ బిగించాలి. అందుకని 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వరాదని నిర్ణయించి పని మొదలుపెట్టారు. భద్రత కోసం రైతు ఒక పంట వదులుకోవడం సమంజసమే. కానీ ఆ నష్టపు భారం వాటాల ప్రకారం ఎవరి మీద ఎంత పడాలో పంపకాల పత్రాల్లో ఎక్కడా లేదు. ఎల్లెల్సీ టెయిలెండులో రబీకి ఎటూ నీళ్లు రావు కాబట్టి పోయేదేముందని చమత్కరించేవాళ్లూ ఉన్నారు. అందులో నవ్వు తక్కువ, నిజం ఎక్కువ.

కొత్త గేట్లతో నిల్వ మళ్లీ 105 టీఎంసీలకు చేరుతుంది. పూడిక తిన్న 27 టీఎంసీలు మాత్రం తిరిగి రావు. వాటికోసం కర్ణాటక కొప్పళ జిల్లా నవలి దగ్గర మరో జలాశయం కడతానంటోంది. ఆంధ్రప్రదేశ్ హెచ్చెల్సీకి సమాంతర కాలువ కావాలంటోంది. ఒకరి ప్రతిపాదన మీద మరొకరికి అనుమానాలున్నాయి. ఈలోగా 2021 చట్టం పెట్టిన గడువు దగ్గరపడుతోంది. పాత డ్యాములన్నిటికీ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, సమగ్ర భద్రతా పరీక్ష చట్టం అమల్లోకి వచ్చిన అయిదేళ్లలోపు పూర్తి కావాలి. ఆ అయిదేళ్లు 2026 డిసెంబరుతో ముగుస్తాయి. తుంగభద్ర ప్రణాళికలో హోస్పేట, కంప్లి ఊళ్లతో పాటు సరిహద్దుకు ఇవతల కౌతాళం, కోసిగి, మంత్రాలయం, కర్నూలు పేర్లు కూడా ఉండాలి. ఎన్ని క్యూసెక్కులు వదిలితే ఏ ఊరికి ఎన్ని గంటల్లో నీళ్లు చేరతాయో, అర్ధరాత్రి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తెలుగులో రాసి ఆ ఊళ్ల సచివాలయాల్లో పెట్టాలి.